లేజరు అను పేరు, కంటివైద్యమున దాని విలువ

గుడిబండ, మడకశిర ప్రాంతపు పల్లెలలో కంటి ఆపరేషను ప్రస్తావన రాగానే "లేజరుతోనా, మామూలుదా?" అని అడుగువారు తరచుగా కనిపింతురు. లేజరు అనిన మేలైనది, కత్తి అనిన పాతబడినది అను భావము ఈ ప్రశ్నలో ఇమిడి ఉన్నది. ఇది ఎంతవరకు నిజమో తెలియవలెనన్న తొలి శస్త్ర లేజరు చరిత్రను పరిశీలింపవలెను.

కాంతితో కంటికి చికిత్స చేయుట లేజరుతో మొదలు కాలేదు. 1945 జూలై 9వ తేదీ సూర్యగ్రహణమును వట్టికంటితో చూచి, కంటి వెనుకనున్న రెటీనా కాలినవారిని జర్మనీలో మేయర్-ష్వికెరాత్ అను వైద్యుడు పరీక్షించెను. కీడు చేయు ఈ వేడిమినే అదుపులో నుంచి, చినిగిన రెటీనా అంచులను అతికింపరాదా అని ఆయన ఆలోచించెను. 1949లో అద్దములతో సూర్యకాంతిని కంటిలోనికి పంపి ఆ పని సాధించెను. తరువాత జినాన్ దీపము వాడుకలోనికి వచ్చెను.

1960లో అమెరికాలో మైమన్ కెంపు లేజరును నిర్మించెను. 1961 డిసెంబరులోనే న్యూయార్కులో కాంప్‌బెల్, కోస్టర్ అనువారు దానితో ఒక రోగి రెటీనాపై గల కంతిని నాశనము చేసిరి. సుమారు సెకనులో వేయవవంతు కాలమున పని ముగిసెను. ఇది గొప్ప విజయమే. కాని ఆ సాధనమున ఒక లోపము కలదు. దానిని తరగతిలోనే చూపవచ్చును.

తెల్లకాగితముపై ఎర్రసిరాతో గీత గీసి, ఎర్రని గాజుకాగితము గుండ చూడుడు. గీత దాదాపు కనబడదు. ఆకుపచ్చ గాజుకాగితము గుండ చూడుడు. గీత నల్లగా కనబడును. ఎర్రసిరా ఎర్రకాంతిని పీల్చుకొనదు, ఆకుపచ్చకాంతిని పీల్చుకొనును. రక్తమును అట్టిదే. కెంపు లేజరు కాంతి ఎరుపు. రెటీనా వెనుకనున్న నల్లని వర్ణకము దానిని పీల్చుకొని వేడెక్కును గాని, రక్తము అంతగా పీల్చుకొనదు. కనుక మధుమేహమువలన రెటీనాలో పుట్టు దుర్బల రక్తనాళములపై అది సరిగా పనిచేయలేదు. నీలము, ఆకుపచ్చ కాంతుల నిచ్చు ఆర్గాన్ లేజరును 1968లో లెస్పెరాన్స్ చికిత్సలో ప్రవేశపెట్టిన పిమ్మట ఈ కొరత తీరెను.

అయినను మేలు జరిగినదని చెప్పుట వేరు, నిరూపించుట వేరు. అమెరికాలో 1,700 మందికి పైగా మధుమేహ రోగులలో ఒక్కొక్కరికి ఒక కంటికే, అదియును చీటీ తీసినట్లు ఎంపికచేసి, జినాన్ దీపముతోగాని ఆర్గాన్ లేజరుతోగాని చికిత్స చేసిరి. రెండవ కంటిని పోలికకై విడిచిరి. చికిత్సవలన తీవ్రమైన చూపునష్టము సగమునకు పైగా తగ్గినదని 1976లో తేలెను. తొలి ప్రయోగమునకును ఈ నిరూపణమునకును నడుమ పదునైదేండ్లు గడచినవి. జినాన్ దీపముకూడ మేలుచేసినదనుట గమనింపదగినది. అనగా మేలు కాంతిది, పేరుది కాదు.

ఇక మన ప్రాంతపు సంగతి. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996-2000 సంవత్సరములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించిరి. అంధత్వమునకు కారణములలో దాదాపు 44 శాతము శుక్లములే. శుక్లము పట్టిన కటకమును చిన్నకోతతో తీయుదురు; లేదా 1967లో కెల్మన్ ప్రవేశపెట్టిన రీతిని అతిధ్వనులతో పొడిచేసి పీల్చివేయుదురు. రెండింటను లేజరు అవసరము లేదు. ఇటీవల కొన్ని ఆసుపత్రులలో కోతకు లేజరును వాడుచున్నను అది తప్పనిసరి కాదు. ఆపరేషను పిమ్మట కటకము వెనుకపొర మసకబారినచో మాత్రము యాగ్ లేజరు నిజముగా ఉపకరించును.

అందుచే లేజరు కొరకు డబ్బు కూడబెట్టుచు శుక్లము ఆపరేషను వాయిదా వేయుట పొరపాటు. లేజరు ఉన్నదిగదా అని మధుమేహ రోగి చూపు పోవువరకు ఆగుట అంతకన్న పెద్ద పొరపాటు. రెటీనాకు చేయు లేజరు చికిత్స ప్రధానముగా ఉన్న చూపును కాపాడును; పోయిన చూపును సాధారణముగా తిరిగి తేలేదు. పైగా ప్రక్కచూపు, రాత్రిచూపు కొంత తగ్గవచ్చును. నేడు కంటిలోనికి ఇచ్చు సూదిమందులు తోడైనను, సకాలమున పోవలెనను నియమము మారలేదు.

కావున ఏ లేజరును గూర్చి విన్నను మూడు ప్రశ్నలు వేయుడు: ఏ రంగు కాంతి? ఏ భాగము దానిని పీల్చుకొనును? పోలికతో పరీక్షించిరా? మధుమేహము గలవారు చూపు చక్కగా ఉన్నను ఏటేట రెటీనా పరీక్ష చేయించుకొనవలెనని ఉపాధ్యాయులు చెప్పినచో, విద్యార్థులు ఆ మాటను ఇంటింటికి చేర్పగలరు.