ద్రాక్షపందిరి తెరకెక్కినప్పుడు

పండ్లతోటల కష్టములను గురించి తయారగు డాక్యుమెంటరీ చిత్రములు పెక్కింటికి ఒక పోలిక గలదు. మొదట ఎండిన చేను కనిపించును. తరువాత తలపై చేయి పెట్టుకొని కూర్చున్న రైతు; వెనుక వయొలిన్ వాద్యము. చివర వ్యాఖ్యాత గంభీరముగా ‘ఆదుకొనువారు లేరా?’ అని అడుగును. చూచినవారి కన్ను చెమర్చును. కాని ఆ తోట ఎందుచేత ఎండినదని పది నిమిషములు గడచిన పిమ్మట అడిగినచో చెప్పగలవారు అరుదు. తరగతిలో ఇట్టి చిత్రమును చూపు ఉపాధ్యాయుడు ఈ పరీక్ష ఒకసారి చేసి చూడవచ్చును.

మనకు దగ్గరి ఉదాహరణమునే తీసికొందము. ధారూరు 2016లో వికారాబాదు జిల్లాలో చేరక పూర్వము రంగారెడ్డి జిల్లాలోనిది. హైదరాబాదు నగరమును చుట్టుకొనియుండిన ఆ జిల్లా ఒకప్పుడు ద్రాక్షకు పేరుపొందినది. అక్కడి ముఖ్యమైన రకము అనాబ్-ఎ-షాహీ. దీనిని 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదునకు తెచ్చెనని చెప్పుదురు. రాతి స్తంభములపై తీగలు లాగి వేసిన పందిళ్ల క్రింద, మనిషి తలయెత్తి చూచు ఎత్తున గుత్తులు వ్రేలాడెడివి. ఆ తోటలలో అధికభాగము నేడు లేదు. ఇండ్ల స్థలములు, రోడ్లు, కంపెనీల కట్టడములు వాని చోటును ఆక్రమించినవి.

ఈ కథను చిత్రముగా తీయవలెననుకొనువానికి మొదట తోచునది తెగులు, లేదా అనావృష్టి. రెండును నిజమే. అనాబ్-ఎ-షాహీకి బూజు తెగులు త్వరగా సోకును. అక్టోబరు కత్తిరింపు తరువాత వానలు పడినచో లేతచిగుళ్లు, పూగుత్తులు పాడగును. బోరుబావులలో నీరు క్రిందికి దిగిపోయినదియు నిజమే. కాని ఇంతటితో ఆగిన చిత్రము సగము అబద్ధము. ఈ రకము హెక్టారునకు సగటున 35 టన్నుల కాయ నిచ్చును. గింజలు లేని థాంప్సన్ రకము దిగుబడి 20 నుండి 25 టన్నులు. ఎక్కువ కాసినది ఓడి, తక్కువ కాసినది గెలిచినది! ఎట్లు? థాంప్సన్ పండులో తీపిని తెలుపు కరిగిన పదార్థములు 20–22 శాతము. అనాబ్-ఎ-షాహీలో 14–16 మాత్రమే, పైగా గింజలు. మహారాష్ట్రములోని నాసిక్, సాంగ్లీ ప్రాంతముల నుండి గింజలేని పండు బజారును నింపినప్పుడు కొనువాని నాలుక మారినది. ఇక నగరము పెరిగి నేల వెల హెచ్చిన తరువాత, తోటను అమ్ముకొనుటయే కొందరికి లాభముగా తోచినది. ఈ కడపటి కారణము వయొలిన్‌కు లొంగదు. తోట నమ్మిన రైతు ఏడ్చుచుండకపోవచ్చును.

అందుచేతనే దర్శకులు దానిని వదలివేయుదురు. నా దృష్టిలో ఇది కళాదోషమే కాదు, శాస్త్రదోషము కూడ. ఫలితమునకు గల కారణములలో మన కిష్టమైనదానిని మాత్రము చూపుట ప్రయోగశాలలో అనుకూలమైన కొలతలనే వ్రాసికొనుట వంటిది.

ఒప్పించుటకై తీసిన చిత్రము నిజాయితీగా ఉండరాదా యనిన, ఉండవచ్చును. అమెరికా ప్రభుత్వశాఖ యొకటి 1936లో పేర్ లారెంట్జ్ చేత తీయించిన ‘ది ప్లౌ దట్ బ్రోక్ ది ప్లెయిన్స్’ అను చిత్రమును చూడుడు. గడ్డిమైదానమును దున్నుట, యుద్ధకాలపు గోధుమ వెల, పిదప అనావృష్టి, ధూళితుపానులు: ఒకదాని వెంట నొకటి గొలుసువలె వచ్చును. ట్రాక్టర్ల వరుసను, యుద్ధట్యాంకుల వరుసను ప్రక్కప్రక్కన చూపిన ఘట్టము ఒక్క మాట లేకయే వాదమును తెలుపును. అయితే అందు రైతు నోరు విప్పడు. అంతయు వ్యాఖ్యాతయే చెప్పును. తమ ప్రాంతమునంతటిని ఎడారిగా చూపినారని అక్కడివారు కోపించుటలో ఆశ్చర్యము లేదు.

దీనికి సరిగా ఎదురుగా నున్న పద్ధతి మన పొరుగుననే గలదు. జహీరాబాదు వద్ద పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామీణ స్త్రీలు, తామే వ్యవసాయదారులై యుండి, కెమెరా పట్టి వరంగల్లు బి.టి. ప్రత్తి రైతులపై 2003లోను, 2005లోను చిత్రములు తీసిరి. రెండవది మూడు పంటకాలములను అనుసరించినది. అదియే దాని బలము. రైతు విత్తునప్పటి ఆశ, ఏరునప్పటి లెక్క, రెండును అతని నోటనే వినవచ్చును. కాని ఆ చిత్రము పేరులోనే ‘మోసము’ అను తీర్పు గలదు. సాక్ష్యమునకు ముందే తీర్పు వినిపించినచో, సందేహించువాడు తలుపు వద్దనే ఆగిపోవును. ఒప్పించవలసినదో, వానినే గదా!

ద్రాక్ష చిత్రమునకు ఈ రెండింటి గుణములును కావలెను: గొలుసువంటి కారణములు, రైతు స్వరము. వానితోబాటు ఒక లెక్కపుస్తకము. కత్తిరింపు కూలి, మందు, నీరు, అట్టపెట్టె, కమీషను, తుదకు చేతికి వచ్చినది. ఈ అంకెలు రైతు వ్రేలితో చూపగా తెరపై నిలుచునట్లు తీసినచో సంగీతము అవసరము లేదు. బావిలోనికి వదలిన త్రాడు తడిసిన చోట ముడివేసి, నెలనెలకు ఆ ముడి ఎంత మారినదో చూపవచ్చును. నేల నమ్మినవానిని కూడ కూర్చుండబెట్టి, ఎందుకమ్మితివని అడుగవలెను. అతడు చెప్పు జవాబు దర్శకుని వాదమునకు చిక్కు తెచ్చినను కోసివేయరాదు.

ధారూరు విద్యార్థులకు ద్రాక్షపందిరి అందకపోయినచో మామిడితోట చాలును, చేతిఫోను చాలును. ద్రాక్షపై తీయువారికి మాత్రము ఒక సంగతి చెప్పవలసియున్నది. కెమెరాలన్నియు ఫిబ్రవరి, మార్చి నెలలలో, గుత్తులు నిండుగా నున్నప్పుడు తోటకు వచ్చును. కాని ఆ గుత్తుల సంఖ్య చాలవరకు నిర్ణయమగునది అంతకు ముందటి ఏప్రిలు కత్తిరింపు తరువాత, ఒకటి రెండు నెలలలో, మొగ్గ లోపల. ఆ దినములలో మబ్బు పట్టి వెలుతురు తగ్గినచో పండ్లమొగ్గలు తగ్గును. పైకి ఏమియు కనిపించదు. మొగ్గను నిలువుగా కోసి సూక్ష్మదర్శినిలో చూపినగాని తెలియదు. కాబట్టి చిత్రీకరణము ఏప్రిలులో, ఆకు లేని పందిరి క్రింద మొదలు కావలెను.