సన్నీకి కార్డు ఎవరిచ్చారు?

జేమ్స్ బాల్డ్విన్ 1957లో ప్రకటించిన “సన్నీస్ బ్లూస్” కథను ఈ మధ్య మా బి.ఏ. విద్యార్థులకు తెలుగులో చెప్పాను. సన్నీ హార్లెమ్‌లో పెరిగిన నల్లజాతి యువకుడు. పియానో వాయిస్తాడు. హెరాయిన్‌కు అలవాటుపడి జైలుకు పోయాడు. కథ చెప్పేది అతని అన్న, హైస్కూలులో ఆల్జీబ్రా చెప్పే ఉపాధ్యాయుడు. తమ్ముడు అరెస్టయిన సంగతి అతడు పేపరులో చదివి తెలుసుకుంటాడు. చాలాకాలం ఒక్క ఉత్తరం ముక్క వ్రాయడు. తన చిన్నకూతురు పోలియోతో పోయిన తరువాత గాని అతని కలం కదలదు.

ఈ కథ మీద మన మిత్రులలో ఒక ఆక్షేపణ ఉంది. సమస్య సాంఘికమైనది, పరిష్కారం వైయక్తికం. అన్న సంగీతం విని కరిగిపోతే హార్లెమ్ మారుతుందా అని. ఈ ఆక్షేపణ నాకు పూర్తిగా మింగుడుపడదు. బాల్డ్విన్ మత్తును శీలదోషంగా చూపలేదు. వీధిలో ప్రార్థనాగీతం పాడుతున్న స్త్రీ గొంతు వింటే హెరాయిన్ ఎక్కినప్పటి నెమ్మది గుర్తుకు వచ్చిందని సన్నీ అంటాడు. బాధను ఓర్చుకోవడానికి మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు. అన్నకు ఉద్యోగం, ఇల్లు దొరికాయి, తమ్ముడికి సూది దొరికింది. అది మళ్ళీ రావచ్చునని కూడా సన్నీ దాచకుండా చెబుతాడు. “మారిపోయాను” అని నాయకుడిచేత ప్రమాణం చేయించే కథలకన్న ఇది ఎంతో నిజాయితీ గల మాట. మారవలసినవాడు జైలుకు వెళ్ళినవాడే కాదు, ఉత్తరం వ్రాయనివాడు కూడా. ఆ సంగతి ఒక ఉపాధ్యాయుడి నోటనే చెప్పించడం మనబోటివాళ్ళకు చురుకు తగలవలసిన విషయం.

అయితే పాఠం అయిపోయాక వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, “సన్నీకి ఆ క్లబ్బులో పని ఎవరిచ్చారు మాస్టారూ?” అని అడిగాడు. వాడి అన్న శిక్ష పూర్తిచేసుకు వచ్చి ఏడాదయింది. తాగుడు మానేసి కూడా ఏడాదే. లారీ షెడ్డులో పాతపని అడిగితే పోలీసుస్టేషను నుంచి కాగితం తెమ్మన్నారట.

ఆ ప్రశ్నకు కథలో జవాబు లేదు. న్యూయార్క్ నగర చరిత్రలో ఉంది. 1940 మొదలు 1967 వరకు అక్కడ మద్యం అమ్మే నైట్‌క్లబ్బులలో పాడాలన్నా, వాయించాలన్నా, వేలిముద్రలు వేసి పోలీసుల దగ్గర క్యాబరే కార్డు తీసుకోవాలి. మత్తుమందు కేసులో శిక్షపడ్డవారికి దాన్ని నిరాకరించేవారు. గాయని బిల్లీ హాలిడే 1947లో అటువంటి కేసులో జైలుకు వెళ్ళి, 1948 మార్చిలో విడుదలై, ఆ నెలలోనే కార్నెగీ హాలులో పాడింది. అక్కడ కార్డు అక్కరలేదు. కాని రోజూ తిండిపెట్టే క్లబ్బుల తలుపులు ఆమెకు మూతబడ్డాయి. 1959లో ఆస్పత్రి మంచం మీదనే మళ్ళీ అరెస్టయి, అక్కడే చనిపోయింది. పియానో వాయించే థెలోనియస్ మంక్‌కు 1951లో పోయిన కార్డు 1957లో గాని తిరిగి రాలేదు. ఈ కథ అచ్చయిన ఏడే.

కార్డు ప్రస్తావన లేదని రచయితను బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. కథ గెజెట్ కాదు. కాని సన్నీ కోలుకోవడాన్ని బాల్డ్విన్ దేనిమీద నిలబెట్టాడు? పనిమీద. ఏడాదికి పైగా పియానో ముట్టని చేతులు మొదట తడబడి, క్రియోల్ అనే పెద్ద వాద్యగాడు తన బేస్‌తో దారి చూపుతుంటే మెల్లగా గాడిన పడతాయి. శ్రమను గురించి నేను చదివిన గొప్ప పుటలలో అది ఒకటి. ఆ పనికే పోలీసుల అనుమతి కావలసిన ఊళ్ళో, ఆ అనుమతిని కథ నుంచి తప్పించడం వల్ల కోలుకోవడం ఉన్నదానికన్న సులువుగా కనబడింది. మిత్రుల ఆక్షేపణ ఇక్కడైతే చెల్లుతుంది. అన్న వినడం తప్పు కాదు, వింటే చాలునన్నట్టు కథ ముగియడం తప్పు.

చివర అన్న ఒక గ్లాసులో స్కాచ్, పాలు కలిపించి పియానో మీదికి పంపుతాడు. విమర్శకులు అందులో బైబిలు ప్రతీకను చూస్తారు, నిజమే. నాకు ముందుగా కనబడేది, మత్తు నుంచి తేరుకున్నవాడికి ప్రేమగా మద్యం పంపే పెద్దమనిషి అమాయకత్వం. ఆ స్కాచ్ అమ్మే చోటు కాబట్టే, అక్కడ పియానో ముందు కూర్చోవడానికి కార్డు కావలసి వచ్చింది.