గాడి అడుగున మెరుపు

యానాంలోని అడవిపొలం గోదావరి ఒండ్రు మీద నిలిచిన ఊరు. జాతిరాళ్ళు దొరికే నేల కాదు. అయినా జేడ్ రాయి కథలో ఆ తీరానికి రెండు వైపుల నుంచి చుట్టరికం ఉంది. కాకినాడ దారిలో తగిలే కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఆ రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. ఇవాళ నగల బజారులో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే జేడ్ ఆ బర్మాదే. ఉత్తరాన కాచిన్ కొండల్లో, ఫాకాంట్ గనుల్లో దొరుకుతుంది. రంగూన్ రేవులో మూటలు మోసిన మనవాళ్ళకి ఆ గనులతో పనిపడలేదు. అక్కడి రాయి చాలావరకు చైనాకి వెళ్ళిపోయేది.

రెండో చుట్టరికం ఫ్రెంచివాళ్ళ వల్ల వచ్చింది. 1954 దాకా యానాం వాళ్ళ ఏలుబడిలోనే ఉంది కదా. అలెక్సిస్ దామూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1863లో బర్మా రాయిని పరీక్షించి, చైనావాళ్ళు వేల ఏళ్ళుగా వాడుతున్న జేడ్‌కీ దీనికీ ఖనిజంలోనే తేడా ఉందని తేల్చాడు. పాతదాన్ని నెఫ్రైట్ అంటారు. కొత్తదానికి ఆయన పెట్టిన పేరు జేడైట్. అసలు ‘జేడ్’ అన్న మాటే స్పానిష్ నుంచి ఫ్రెంచి నోట్లో నలిగి వచ్చింది. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం ‘డొక్క రాయి’. డొక్కలో నొప్పి తగ్గుతుందని ఒంటికి కట్టుకునేవారట.

మన వాడుకలో పచ్చ అంటే మరకతం. ఆకుపచ్చగా ఉంది కాబట్టి జేడ్ కూడా దాని జాతే అనుకునేవాళ్ళున్నారు. రెండిటికీ పోలిక రంగు వరకే. మరకతం స్ఫటికం, గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. నెఫ్రైట్‌లో సన్నని పోగులు కొబ్బరి పీచులా ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి, జేడైట్‌లో రేణువులు అలాగే అల్లుకుంటాయి. అందుకే ఆకంత పలచగా తీసినా ఆ రాయి నిలబడుతుంది. జేడ్‌లో పనితనానికి అంత విలువ రావడానికి మూలం ఈ గుణమే.

చాకుతో గీస్తే జేడ్ మీద గీత పడదు. ఉలి పెట్టి కొట్టినా శిల్పి అనుకున్నట్టు పెచ్చు లేవదు. కాబట్టి ‘చెక్కడం’ అన్న మాట ఇక్కడ అంతగా అతకదు. జరిగేది అరగదీయడం, సానమీద గంధం తీసినట్టు. తిరిగే చక్రానికి తడిపిన రాతిపొడి పూస్తారు. రాయిని కోసేది ఆ పొడి, చక్రం దాన్ని మోస్తుందంతే. ఆ పొడుల్లో మేలైనది కురువిందం. ఇంగ్లీషువాళ్ళు కోరండం అనే మాట మన దక్షిణాది భాషల నుంచి తీసుకున్నదే. ఇప్పుడు మోటారుకి బిగించిన వజ్రపు పొడి సూదులు వచ్చాయి. గంటల పని నిమిషాల్లోకి దిగింది. మెరుగు పెట్టే పని మాత్రం అంతగా తగ్గలేదు, మంచి చెడ్డలు బయటపడేది కూడా అక్కడే.

జేడ్ లాకెట్ కొనేటప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని దీపం కింద కాస్త వాల్చి చూడాలి. నిటారుగా చూస్తే ఎత్తుగా ఉన్న భాగాలే కంటికి ఆనుతాయి. వాటిని మెరిపించడం తేలిక, తోలు చక్రానికి కాసేపు ఆనిస్తే చాలు. వెలుతురు పక్కనుంచి పడినప్పుడు గాడులు కనిపిస్తాయి. ఆకు ఈనెల నడుమ, బుద్ధుడి చెవి వెనక, చేప పొలుసుల సందుల్లో చూడాలి. అక్కడికి పెద్ద చక్రం దూరదు. వెదురు పుల్ల కొసకో చెక్క కొసకో మెరుగు పొడి అద్ది ఒక్కో గాడినీ విడివిడిగా రుద్దాలి. నాసిరకం పనిలో ఆ గాడుల అడుగు సుద్దముక్కలా తెల్లగా, గరుకుగా ఉండిపోతుంది. మంచి పనిలో పైన ఎంత నునుపో అడుగునా అంతే నునుపు. కంటికి అందకపోతే గోటి కొసకి అందుతుంది.

గీతల సంగతి ముగ్గులు వేసే ఇంట్లో పెరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చెయ్యి తిరిగిన ఇల్లాలు మెలికల ముగ్గు వేస్తుంటే పిండి ఒక్క ధారగా దిగుతుంది. నేర్చుకునే పిల్ల ఆగి ఆగి వేస్తుంది, ఆగిన చోటల్లా గీత లావెక్కుతుంది. జేడ్ మీదా అంతే. వంపు తిరిగే చోట గీత తడబడిందా, రెండు గీతలు కలిసే మూలలో చక్రం హద్దు దాటి చిన్న కోత మిగిలిందా అని చూడాలి. ముగ్గు తప్పితే చెరిపి వేసుకోవచ్చు. రాయిలో ఆ వీలు లేదు.

ఇంకో మెట్టు పైకి వెళ్తే, పువ్వు రేకు కింద చీకటి ఉందా అన్న ప్రశ్న వస్తుంది. రేకు అంచు నేలను వదిలి పైకి లేచి, దాని కింద రాయిని తొలిచి ఉంటే అది తీరిక ఉన్న చెయ్యి. చేతికి బదులు వాడే అల్ట్రాసోనిక్ యంత్రంలో అచ్చు నిటారుగా దిగి నిటారుగా లేస్తుంది, పక్కకి తొలవలేదు. అందుకే యంత్రపు లాకెట్లలో గోడలు తిన్నగా ఉంటాయి, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. చవకగా దొరుకుతాయి కాబట్టి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. చేతిపని ధర మాత్రం వాటికి ఇవ్వకూడదు.

కన్ను ఈ తేడాలకి అలవాటు పడాలంటే తెలుగువాళ్ళకి దగ్గర్లో హైదరాబాదు ఉంది. మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్ (1889–1949) పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులకే ప్రత్యేకంగా గది ఉంది. సుల్తాన్ అల్తమష్ పేరున్న వ్యాసపీఠం, జహంగీరు బాకు, రత్నాలు పొదిగిన నూర్జహాన్ పళ్ళ కత్తి అక్కడివే. విలుకాడు బొటనవేలికి తొడిగే ఉంగరం మీద షాజహాన్ బిరుదుంది, హిజ్రీ 1040 (క్రీ.శ. 1630) నాటిది. వింటినారి ఆ ఉంగరం మీదుగా జారి దూసుకుపోవాలి. ఏ కాస్త గరుకున్నా నారి కోసుకుపోతుంది. మొగలాయిల కాలంలో ‘హల్దిలీ’ అనే జేడ్ బిళ్ళని గుండె దడ తగ్గుతుందని రొమ్ము మీద వేలాడదీసుకునేవారు. ఇవాళ్టి లాకెట్‌కి అది వరసకి ముత్తవ్వ.

ఈ మొగలాయి పనిలో మనవాళ్ళ ప్రత్యేకత కుందనం. ‘కుందనపు బొమ్మ’ అని ముద్దుగా అనే ఆ కుందనమే, మేలిమి బంగారం. జేడ్‌లో తీగలా సన్నని గాడి తీసి, బంగారు రేకుని ఏ వేడీ లేకుండా ఒత్తుతూ పోతారు. మేలిమి కాబట్టి రేకు మీద రేకు దానంతటదే అతుక్కుంటుంది, కెంపులూ పచ్చలూ దానిలో కూర్చుంటాయి. పనిని తూచాలంటే బంగారం రాయిని కలిసే అంచు చూడాలి. గాడి సమంగా లేకపోతే బంగారం పొంగి పక్కకి పాకుతుంది.

బంగారం కొట్లో తరుగు అన్న మాట వినగానే కొనేవాళ్ళకి గుండె జారుతుంది. జేడ్‌లో తరుగే అసలు లెక్క. రాయి బరువు పోకూడదనుకునే పనివాడు బొమ్మని రాయి ఆకారానికి కుదిస్తాడు, చేతులు పొట్టకి అంటుకుపోతాయి, తల పెద్దదవుతుంది. ధైర్యమున్నవాడు మంచి రాయినే తీసి పారేసి బొమ్మకి ఊపిరాడే చోటిస్తాడు.

లోపాన్ని వాడుకునే నేర్పు ఇంకొకటి. తైపే నగరంలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో 18.7 సెంటీమీటర్ల జేడైట్ క్యాబేజీ ఉంది. సగం తెలుపు, సగం ఆకుపచ్చ, మధ్యలో పగుళ్ళున్న రాయి అది. గిన్నె చేయాలంటే పనికిరాదు. శిల్పి తెలుపుని కాడ చేశాడు, పచ్చని ఆకు చేశాడు, పగుళ్ళు ఈనెల్లో కలిసిపోయాయి. పైన మిడత జాతి పురుగులు రెండిటిని వాల్చాడు. చిన్న లాకెట్‌లోనూ అడగాల్సింది ఇదే: ఈ గోధుమ మచ్చ ఇక్కడే పక్షి ముక్కయిందంటే శిల్పి దాన్ని ముందే చూశాడా, లేక రాయిలో పగులుని కప్పడానికి అడ్డదిడ్డంగా ఆకులు అల్లాడా? చైనాలో ఏ చెక్కడమూ లేని నున్నటి పలక లాకెట్లకి మంచి ధర పలకడానికి కారణం అదే, వాటిలో మచ్చ దాచడానికి చోటుండదు.

ఎంత గొప్ప పనైనా రాయి కల్తీదైతే దండగ. యాసిడ్‌లో నానబెట్టి ప్లాస్టిక్ బంక ఎక్కించిన జేడైట్‌ని ‘బి’ రకమనీ, రంగు వేసినదాన్ని ‘సి’ అనీ అంటారు. భూతద్దంలో ‘బి’ రకం మీద సాలెగూడులాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. ఖరీదైనదైతే ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా కొనకపోవడం మంచిది.

చివరికి లాకెట్‌ని తిరగేయాలి. వెనక వైపు రంపపు గీతలు అలాగే వదిలేశాడేమో చూసి, తర్వాత దారం దూర్చే బెజ్జం దగ్గర ఆగాలి. ఒక వైపు నుంచే తొందరగా తొలిస్తే రెండో వైపు అంచు పెచ్చు లేస్తుంది. తెలిసినవాడు రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో కలుపుతాడు, తర్వాత మెరుగు పొడి అద్దిన దారాన్నే అందులో ఇటూ అటూ లాగి లోపలి అంచులు నున్నగా చేస్తాడు. ఆ బెజ్జంలోకి ఎవరూ తొంగి చూడరు. మెడలోని దారానికి మాత్రం రోజూ అందులోనే రాపిడి.