పిస్టన్ 'టక్'మనాలి

పాత అంబాసిడరో మోరిస్ మైనరో ఎత్తు ఎక్కుతూ జెర్కులిచ్చి ఆగిపోయిందంటే, సగంమంది మెకానిక్కులు వెంటనే కార్బొరేటర్ విప్పుతారు. అసలైన మేస్త్రి దాని జోలికి చివర్న వెళ్తాడు. మొదట ట్యాంకు మూత తిప్పుతాడు. మూతలోని గాలి రంధ్రం పూడిపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత తియ్యగానే 'స్‌స్' అని గాలి లోపలికి పోయిందంటే రోగం దొరికినట్టే, రూపాయి ఖర్చు లేదు. అక్కడ ఏమీ లేకపోతే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, గాజు సీసాలో పెట్టి, ఇంజను తిప్పిస్తాడు. ధార ఊపుగా పడితే పంపు మంచిదే. నీరసంగా కారితే ఫిల్టరు జాలీ, పంపు డయాఫ్రం, గాలి పీల్చే జాయింట్లు వరసగా చూడాలి. మే నెల ఎండల్లో పెట్రోలు పైపులోనే ఆవిరై అడ్డుపడుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడం మన డ్రైవర్లకు ఎప్పటినుంచో తెలిసిన వైద్యం.

ఇవన్నీ దాటాకే ఇలాంటి పాత బండ్లలో కనిపించే ఎస్‌యూ కార్బొరేటర్. ఇంగ్లండులో స్కిన్నర్ అన్నదమ్ములు వందేళ్లకు పైబడి కిందట తయారుచేశారు. చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం కావడం వల్లేనేమో, తొలి నమూనాల్లో తోలుతిత్తి వాడారు. సోలెక్స్ లాంటి కార్బొరేటర్లలో ఒక్కో అవసరానికి ఒక్కో జెట్. ఎస్‌యూలో ఒకటే జెట్, ఒకటే సూది. ఇంజను గాలి లాగినకొద్దీ కార్బొరేటర్‌లోని పిస్టన్ లేస్తుంది. దాంతోపాటు మొనవైపు సన్నబడే సూది కూడా లేచి, పెట్రోలుకు కావలసినంత దారే ఇస్తుంది. ఇంత తక్కువ భాగాలతో ఇంత తెలివిగా పనిచేసే కార్బొరేటర్ ఇంకొకటి ఉంటే చూపించమనండి!

దాని పరీక్షలూ అంతే అందమైనవి. పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే సాఫీగా జారి 'టక్'మని కూర్చోవాలి. మధ్యలో ఆగిందంటే జిడ్డు పేరుకుందో, సూది వంగిందో, జెట్ సరిగ్గా మధ్యలో లేదో తేల్చాలి. పిస్టన్‌నూ దాని మీది గుమ్మటాన్నీ ఒకదానికొకటి జతగా కోసి చేస్తారు కాబట్టి ఇంకో బండివి కలపకూడదు, గరుకు కాగితం అసలే తాకించకూడదు. మెత్తటి గుడ్డ, కాస్త పెట్రోలు చాలు. గుమ్మటం నడిమి గొట్టంలో పల్చటి ఆయిల్ ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది. దాన్ని పెట్రోలు లోపమనుకుని జెట్లు మార్చేవాళ్లున్నారు!

ఓవర్‌ఫ్లో అవుతుంటే ఫ్లోటు గిన్నె చూడాలి. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల చేరిన పెట్రోలు గలగలమంటుంది. వేడినీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగలొస్తాయి. నీడిల్ వాల్వు మొన మీద గాటు పడితే కొత్తది వెయ్యాల్సిందే.

ఇక మిశ్రమం. ఇంజను వేడెక్కాక పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే లేపుతారు. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఇంజను చచ్చిపోతే తక్కువ. రవ్వంత పెరిగి కుదుటపడితే సరి. ఎస్‌యూలో హెచ్‌ఎస్ రకానికి జెట్ కింది ఆరుపలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పుతూ, మీటరు ముఖం చూడకుండా చెవితోనే ఈ లెక్క తేల్చే మేస్త్రీలకు దండం పెట్టాలి.

ఈ విద్యలో బియాట్రిస్ షిల్లింగ్‌ను మించినవారు అరుదు. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం ముక్కు దించి డైవ్ చేస్తే దాని మెర్లిన్ ఇంజను ఎస్‌యూ కార్బొరేటర్‌లో మొదట పెట్రోలు అందక, ఆ వెంటనే వరదలా ముంచెత్తి, ఇంజను ఆగేది. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో ఇంజనీరైన ఆమె, ఇంజనుకు కావలసిన గరిష్ఠ పెట్రోలును మాత్రమే వదిలే చిన్న ఇత్తడి అడ్డుబిళ్ల తయారుచేశారు. 1941లో ఆమె బృందం వైమానిక స్థావరాలకే వెళ్లి బిగించింది. సమస్య మొత్తం పోలేదు, పైలట్లను చంపే వరద మాత్రం తగ్గింది.

అలాంటి విద్యకు ఇవాళ నకిలీ కిట్ల చీడ పట్టింది. 'ఒరిజినల్' అని అచ్చేసిన కవర్లలో సూదికి కొలత ఉండదు, జెట్ రంధ్రం గుండ్రంగా ఉండదు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు నాసి రబ్బరు ఉబ్బిపోతుంది. కదలకుండా నిలిపిన బండిలో ఆ ఇథనాల్ తేమ లాగి గిన్నెలో తెల్లపొడి పేరుస్తుంది. ఇంకా ఘోరం, మంచి ఎస్‌యూను పీకి మరో కారు కార్బొరేటర్‌ను ప్లేటు వేసి బిగించి, "ఇదే బెస్టు సార్" అనడం! పీకినది పాత సామాన్ల తూకానికి పోతోంది. ఇది మరమ్మతు కాదు, దోపిడీ.

2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. కొత్త కార్లన్నీ ఇంజెక్షన్‌వే కాబట్టి ఇప్పటి కుర్రాళ్లకు ఫ్లోటు గిన్నె విప్పే అవకాశమే రాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాతతరం చేతులు ఇంకా పనిచేస్తుండగానే ఐటీఐలు వాళ్లను పిలిచి పిల్లల ముందు ఒక ఎస్‌యూ విప్పించాలి. సూదుల కోడ్లు, ఫ్లోటు కొలతలు తెలుగులో ఒక చిన్న పుస్తకంగా రావాలి. అచ్చు ఖర్చు కోసం పాత కార్ల క్లబ్బులు ఒక ర్యాలీ డబ్బులో కొంత తీసిపెట్టాలి.