రెండు బుక్కలు

రోమన్ చక్రవర్తి ఆగస్టస్ ఒకనాడు చీకటి పడేదాకా పస్తుండి, స్నానశాలలో ఒంటికి నూనె పట్టించుకునే ముందు రెండు ముద్దలు తిన్నాడట. టైబీరియస్‌కు ఆయన రాసిన ఆ ఉత్తరం ముక్కను సూటోనియస్ తన చక్రవర్తుల చరిత్రలో భద్రపరిచాడు. ఈ వారం ఆ పేజీ మళ్లీ చదువుతూ ఈ కాలమిస్టు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ముద్దకు ఆగస్టస్ వాడిన మాట ‘బుక్కా’! తెలంగాణ ఇళ్లలో ‘రెండు బుక్కలు తిని పో బిడ్డా’ అనడం లేదూ? రెంటికీ చుట్టరికం లేదు, శబ్దం కలిసిందంతే. అయినా ఆ సంతోషం తగ్గలేదు.

లాటిన్‌లో బుక్కా అంటే అసలు బుగ్గ. నోటిని గ్రంథభాషలో ‘ఓస్’ అనేవారు. జనం వాడుకలో ఓస్ వెనకబడింది. బుక్కాయే ఫ్రెంచ్‌లో బూష్, స్పానిష్‌లో బోకా, ఇటాలియన్‌లో బొక్కా అయి నోటికి పేరుగా నిలిచింది.

అదే ఉత్తరంలో తినడానికి వాడిన క్రియ మాందూకారె. దానర్థం నమలడం. పాత రోమన్ ప్రహసనాల్లో పెద్ద దవడలు ఆడించే తిండిపోతు పాత్ర పేరు మాందూకుస్. అలాంటి మోటు క్రియ నుంచే ఫ్రెంచ్ మాంజే, రుమేనియన్ మిన్‌కా పుట్టాయి. ఇటాలియన్ మంజారే పాత ఫ్రెంచ్ నుంచి వచ్చి చేరింది. గ్రంథాల్లో దర్జాగా కూర్చున్న ‘ఎడెరె’ మాత్రం కనుమరుగైంది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పేరెత్తితే ఈ కాలమ్ ఎటు మొగ్గుతుందో పాత పాఠకులకు తెలుసు. జనం నోట నలిగిన మాటే గెలుస్తుందన్నది ఇక్కడి చిరకాల నమ్మకం. మాందూకారె కథ దానికి మంచి సాక్ష్యంలా కనిపిస్తుంది.

కానీ సూటోనియస్ ఇచ్చిన మరో ఉత్తరం ముక్క ఆ సాక్ష్యాన్ని బలహీనపరుస్తోంది. పల్లకిలో ఇంటికొస్తూ ఔన్సు రొట్టె, కొన్ని ద్రాక్షపళ్లు తిన్నానని అందులో రాశాడు ఆగస్టస్. అక్కడి క్రియ ‘కోమెదెరె’. ఎడెరెకు ‘కొమ్’ అనే ఉపసర్గ చేర్చిన ఈ మాట సిసెరో రచనల్లోనూ ఉంది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో గెలిచింది ఇదే. అక్కడ తినడమంటే కోమెర్. ఒకే చక్రవర్తి మోటు మాటా వాడాడు, పెద్దల మాటా వాడాడు. రెండూ బతికాయి.

మరి ఎడెరె ఎందుకు పోయింది? అందులో ‘తింటాడు’ అనడానికి ‘ఏస్ట్’ అనే రూపముంది. ‘ఉన్నాడు’ అనడానికి ‘ఎస్ట్’. తేడా అచ్చు నిడివిలోనే. కాలక్రమంలో లాటిన్ ఆ నిడివి భేదాన్నే పోగొట్టుకుంది. ఇంత చిన్న రూపాలు చెవికి ఆనవు. పొడవైన, స్పష్టమైన మాట కావలసి వచ్చింది. ఒక చోట ఉపసర్గ ఆదుకుంది, మరోచోట నమలడం తినడమైంది. కోమెర్‌లో ఇంకో విచిత్రం ఉంది. స్పానిష్ వాళ్లు ‘తింటాను’ అనడానికి ‘కోమో’ అంటారు. అందులో మిగిలింది ఉపసర్గ, ప్రత్యయం. ‘ఎడ్’ అనే అసలు ధాతువు పూర్తిగా అరిగిపోయింది. ఆ ధాతువుకు తోబుట్టువు సంస్కృతంలోని ‘అద్’. ‘అన్నం’ దాని నుంచి వచ్చిందే. స్పానిష్ క్రియలో కరిగిపోయిన ధాతువు బంధువు తెలుగువాళ్ల కంచంలో రోజూ ఉంటోంది.

పటం చూస్తే మరో పాత సూత్రమూ తడబడుతుంది. అంచుల్లో ఉన్న భాషలు పాత మాటలు దాచుకుంటాయంటారు. ‘అందమైన’ అనడానికి స్పానిష్ ఎర్మోసో, రుమేనియన్ ఫ్రుమోస్ రెండూ లాటిన్ ఫోర్మోసుస్ సంతానమే. నడుమ ఉన్న ఇటలీలో మాత్రం బెల్లో. తిండి దగ్గరకొచ్చేసరికి పడమటి అంచు కోమెర్ అంటే తూర్పు అంచు నమలడం వైపు వెళ్లింది. అర్థాలూ తలో దారి పట్టాయి. రుమేనియన్‌కు అరచెయ్యి దురద పెడితే అది అతన్ని ‘తింటోంది’. ఫ్రెంచ్‌వాడు మాటలు ‘తింటే’ నంగిగా మాట్లాడుతున్నట్టు. ఇటాలియన్ ‘ఆకు తిన్నాడు’ అంటే ఎదుటివాడి ఎత్తు పసిగట్టాడని.

గెలుపోటముల లెక్క కూడా ఇక్కడ తేలదు. స్పెయిన్‌లో ఓడిందనుకున్న మాందూకారె పొరుగు భాషల మీదుగా మళ్లీ అక్కడికే చేరింది. ఆ రూపం ‘మన్‌హార్’. పండితులు వెలివేసిందీ కాదు, పామరులు మోసిందీ కాదు. దవడల మోటుదనం మచ్చుకైనా లేకుండా, ఈనాటి స్పానిష్‌లో దాని అర్థం అరుదైన, రుచికరమైన వంటకం.