అనపకాయకు దీర్ఘం పెడితే

హోసూరు, కృష్ణగిరి, కుప్పం, కోలారు పక్క అనపకాయ అంటే ఏమిటో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. చలికాలంలో సంతల్లో కుప్పలు పోసి అమ్ముతారు. గింజలు నానబెట్టి పైతోలు పితికి తీస్తే పితికిపప్పు. కన్నడంవాళ్ళు అవరె అంటారు. అదే మాటకు ముందర దీర్ఘం పెట్టి ఆనపకాయ అన్నామంటే కోస్తా జిల్లాల్లో అది సొరకాయ. రెండూ తీగకు కాసేవే గానీ ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు.

ఈ మధ్య మన పక్క కతల పుస్తకం ఒకటి ఈ-బుక్కుగా వస్తే కొని చదివినాను. అందులో ఒక అవ్వ రాత్రి కూర్చొని ఆనపకాయలు ఒలిచి, గింజలు నానేసి, తెల్లారి పితుకుతుంది. సొరకాయను పితికే అవ్వను నేనైతే ఎక్కడా చూడలేదు. అచ్చుపుస్తకం నా దగ్గరే ఉంది, తీసి చూస్తే అందులో అనపకాయలే ఉన్నాయి. అంటే రాసినాయన సరిగ్గానే రాసినాడు, అచ్చు వేసినవాళ్ళు సరిగ్గానే వేసినారు. ఫోనులోకి ఎక్కించే దారిలో ఎవరో తెలిసినాయన 'దిద్దినాడు'. అట్లాగే 'వస్తా ఉండాడు' అన్నది కొన్నిచోట్ల 'వస్తున్నాడు' అయింది, కొన్నిచోట్ల అట్లనే ఉండిపోయింది. ఒకే మనిషి ఒకే పేజీలో రెండు జిల్లాల తెలుగు మాట్లాడతాడు.

పుస్తకం పేరు చెప్పను. ఇది ఒకరి తప్పు కాదు. చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ళు ఈ-బుక్కును ఏమని అనుకుంటున్నారో దానిలోనే లోపం ఉంది. అచ్చుపని అయిపోయింది, మిగిలిన ఫైలును ఎక్కడో ఒకచోట పెడదాం, నాలుగు డబ్బులు వస్తే రానీ అనుకుంటున్నారు. మామూలు నవలకు ఆ లెక్క సరిపోతుందేమో. మన ఊళ్ళ తెలుగును పట్టి ఉంచడానికి వేసే పుస్తకానికి సరిపోదు. అందులో కథ ఎంత ముఖ్యమో మాట కూడా అంతే ముఖ్యం. మాట మారితే పుస్తకం వేసిన పనే పోయింది.

ముందు తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం. మన డీటీపీ అంగళ్ళలో చాలా ఏళ్ళు పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని నడిచింది. ఆ ఫైలులో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేది యూనికోడ్ కాదు. దాన్ని ఈ-బుక్కు చెయ్యాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు, అరసున్నాలు అటూఇటూ అవుతాయి, కాబట్టి మళ్ళీ ప్రూఫు చూడాలి. చూసే మనిషికి మన పక్క తెలుగు తెలియదనుకోండి, మార్పిడిలో పడిన తప్పేదో, రాసినాయన కావాలని రాసిన మాటేదో ఆయనకు తేడా తెలియదు. రెండింటినీ కలిపి 'సరి' చేసేస్తాడు.

ఈ బాధ వద్దనుకున్నవాళ్ళు పేజీలను బొమ్మలుగా తీసి పీడీఎఫ్ చేసి అమ్ముతున్నారు. దానిలో మాట మారదు, ఆ మేరకు మేలే. కానీ ఫోనులో ఒక్కో వరుస చదవడానికి పేజీని అటూఇటూ లాగాల్సిందే. పైగా బొమ్మలో మాటలు వెతకలేము. పేరంటానికి మన పక్క ఏమంటారు, పిడకకు ఏమంటారు అని వెతుక్కునేవాడికి ఆ ఫైలు బీరువాలో తాళం వేసి పెట్టిన పుస్తకంతో సమానం. ఈ-బుక్కుకు అచ్చుపుస్తకం మీద ఉన్న అసలు లాభమే వెతకగలగడం. ఆ లాభాన్ని మనమే వదులుకుంటున్నాం.

వెతకడంలో ఇంకో చిక్కు ఉంది. మన వాడుకలో ఒత్తు పలకని మాటలు చాలా. కథను కత అని, భూమిని బూమి అని రాసేవాళ్ళు ఉన్నారు. అట్లా రాయడం సరే. కానీ దుకాణంలో 'కథలు' అని వెతికేవాడికి 'కతలు' అనే పుస్తకం దొరకదు. పేరు మార్చాల్సిన పని లేదు, పుస్తకం గురించి రాసే నాలుగు వరుసల పరిచయంలో రెండు రూపాలూ పెడితే చాలు. దానితోపాటు ఊరి పేరు, తాలూకా పేరు కూడా రాయాలి. మనవాళ్ళు రాసే పరిచయాల్లో 'మట్టివాసన గుబాళించే కథలు' అని ఉంటుంది. ఏ మట్టి? హోసూరుదా, పావగడదా, రాయగడదా, షోలాపూరుదా? అది చెప్పరు.

అక్షరాల సంగతీ అంతే. చాప, జొన్న అనే మాటల్లో పలికే దంత్యాలను చూపడానికి ౘ, ౙ ఉన్నాయి. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లోనే వీటికి చోటు దొరికింది. మాండలికం రాసేవాళ్ళకు ఇవి బాగా పనికొస్తాయి. అయితే పుస్తకంలో చేర్చిన ఫాంటులో ఆ అక్షరాలు లేకపోతే చదివేవాడికి ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ౘ పెట్టి రాసిన మాట చ తో వెతికితే దొరక్కపోవచ్చు కూడా. అందుకని కథ నడిచేచోట మామూలు చ, జ రాసి, వెనకాల ఇచ్చే మాటల పట్టికలో ౘ, ౙ చూపితే రెండు పనులూ అవుతాయని నా అభిప్రాయం.

ఇప్పుడు దుకాణాల సంగతి. తెలుగు ఈ-పుస్తకాలను పద్ధతిగా అమ్మకానికి పెట్టిన తొలి దుకాణాల్లో 2010లో మొదలైన కినిగెను చెప్పుకోవాలి. 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్ దుకాణంలో భారతీయ భాషల పుస్తకాలను మొదలుపెట్టింది. ఆ రోజు పెట్టిన భాషలు ఐదు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు, కన్నడం లేదు, ఒడియా లేదు. రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్ళు దీన్ని గురించి పెద్దగా పట్టించుకోలేదు. మనకు మాత్రం దీని దెబ్బ వేరే రకంగా తగిలింది. హోసూరు కుర్రవాడు తమిళంలో రాస్తే ఆ తలుపు తెరిచే ఉంది. షోలాపూరు పద్మశాలీల బిడ్డ మరాఠీలో రాస్తే తెరిచే ఉంది. ఇంట్లో మాట్లాడే భాషలో రాస్తే మూత. బళ్ళారివాళ్ళకూ బరంపురంవాళ్ళకూ ఇంటి భాషలోనూ మూతే, వీధి భాషలోనూ మూతే. బడి ఒక పక్క లాగుతుంటే అంగడి కూడా అదే పక్కకు లాగితే పిల్లలు ఎటు పోతారో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

డబ్బు లెక్కకు వస్తాను. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో కూర్చున్నవాణ్ణి, అది చూడకుండా ఉండలేను. అచ్చుపుస్తకం మీద జీఎస్టీ లేదు. ఈ-బుక్కు మీద ఉంది. 2018 జూలై 27 నుంచి అచ్చులో వచ్చిన పుస్తకపు ఈ-బుక్కుకు 5 శాతం చేసినారు. అచ్చురూపం లేకుండా నేరుగా ఈ-బుక్కుగా వచ్చినదానికి ఆ తగ్గింపు వర్తించదు, 18 శాతమే. అరవై రూపాయలకు అమ్మే పుస్తకం అనుకుందాం. 5 శాతం అయితే పన్ను పోగా 57 రూపాయల 14 పైసలు మిగులుతుంది. 18 శాతం అయితే 50 రూపాయల 85 పైసలు. దుకాణం అందులో సగం ఉంచుకుంటే మొదటి లెక్కలో మన చేతికి 28.57, రెండో లెక్కలో 25.42. కాపీకి మూడు రూపాయల తేడా. వంద కాపీలు అమ్ముడుపోతే మూడు వందల పదిహేను. పెద్ద మొత్తం కాదు. కానీ అచ్చు వెయ్యడానికి డబ్బు లేకనే నేరుగా ఈ-బుక్కు వేసుకునే చిన్నవాడి మీదే ఎక్కువ పన్ను పడుతోందన్నది గమనించండి. ఎవరికి తోడు కావాలో వాడికే బరువు ఎక్కువ.

ఈ లెక్క చూసి 'అంత చిల్లరకు అమ్మడమెందుకు, ఊరికే పెట్టేయండి, పదిమంది చదువుతారు' అనేవాళ్ళు మనలో చాలామంది. నాకు ఆ మాట నచ్చదు. ఊరికే పెట్టిన ఫైలు వాట్సాప్‌లో తిరుగుతుంది, నిజమే. ఎంతమంది తెరిచినారో, ఏ ఊరివాళ్ళు చదివినారో తెలియదు. ప్రూఫు చూసినాయనకు ఐదు వందలు ఇవ్వడానికి చేతిలో పైసా ఉండదు, కాబట్టి ప్రూఫు ఎవరూ చూడరు, కాబట్టి సొరకాయలను పితుకుతారు. చిన్న ధర పెట్టి, వచ్చిన దాన్ని మన పక్క తెలుగు తెలిసిన మనిషి చేత ప్రూఫు చూపించడానికి వాడితే ఆ ధర సార్థకం. పుస్తకం పాతదయ్యాక, ఐదేళ్ళకో పదేళ్ళకో, ఊరికే ఇవ్వొచ్చు.

'తపాలా ఖర్చు భరించలేక ఈ-బుక్కుకు వచ్చినాం' అనే వాదన కూడా మునుపటంత గట్టిగా లేదు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నూటయాభై పేజీల కతల పుస్తకం ఆ బరువులోపలే ఉంటుంది. హోసూరు నుంచి రాయగడకైనా యానాంకైనా అదే ధర.

ఇదంతా చెప్పి ఈ-బుక్కు వద్దంటున్నానా అంటే, లేదు. మన స్థితి వేరు. ఐదు చోట్ల విడివిడిగా ఉన్నాం. ఒక చోట పుస్తకాన్ని ఇంకో చోట పెట్టి అమ్మే అంగడి లేదు. ఇంకా పెద్ద సంగతి, చదివేవాళ్ళది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి చేరింది. దాంతో ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతూ తెలుగు అక్షరం కూడబలుక్కునే తరం ఒకటి తయారైంది. వాళ్ళకు అచ్చుపుస్తకం ఇస్తే బొమ్మ చూసి పక్కన పెడతారు. ఈ-బుక్కు అయితే వాళ్ళను చేరే దారి ఉంది. ఈపబ్ 3 అనే పద్ధతి 2011 నుంచే ఉంది, అందులో రాతతోపాటు గొంతును కూడా కలపొచ్చు. వరుస వెలుగుతూ ఉంటే ఆ వరుస వినిపిస్తుంది. ఫోను తనంతట తాను చదివి వినిపించే యంత్రపు గొంతు కాదు నేను చెప్పేది, దానికి మన యాస రాదు. డెబ్బై ఏళ్ళ అవ్వ చేత చదివించో, చెప్పించో చేర్చిన గొంతు. మన పుస్తకాల్లో నేను చూసినంతలో ఈ పని చేసింది ఒక్కటీ లేదు. ఉన్న సౌకర్యాన్ని వాడకుండా పీడీఎఫ్ దగ్గరే ఆగిపోయినాం. మన ఈ-పుస్తకాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఇంకొక జాగ్రత్త. దుకాణాన్ని దస్తావేజుల గది అనుకోకూడదు. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ 2019 ఏప్రిల్‌లో తన ఈ-బుక్కుల దుకాణం మూసింది. జూలైలో కొన్నవాళ్ళ దగ్గరి పుస్తకాలు కూడా తెరుచుకోకుండా పోయినాయి. డబ్బు వాపసు ఇచ్చినారు, పుస్తకం పోయింది. నవల పోతే ఇంకోచోట దొరుకుతుంది. వాడుకలోంచి పోయిన మాట పోతే ఇంకోచోట దొరకదు. అచ్చుపుస్తకానికి ఒక రక్ష ఉంది: 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు తలా ఒక కాపీ పంపాలి. ఆ చట్టం అచ్చుపుస్తకాల కోసం రాసింది.

కాబట్టి నా లెక్క ఇట్లా తేలింది. వంద కాపీలైనా సరే ముందు అచ్చు వెయ్యండి. దానివల్ల ఈ-బుక్కు మీద పన్ను తగ్గుతుంది, నాలుగు గ్రంథాలయాల్లో పుస్తకం నిలుస్తుంది. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఊరికే ఇస్తారు, అచ్చుకు ఒకటి, ఈ-బుక్కుకు వేరే ఒకటి తీసుకోండి. యూనికోడ్ మూలప్రతిని మూడుచోట్ల దాచండి. ప్రూఫు చూసేవాళ్ళకు ముందే ఒక కాగితం ఇవ్వండి: ఈ మాటలు, ఈ క్రియలు ఇట్లాగే ఉండాలి, ముట్టుకోవద్దు అని. ఆ కాగితమే పుస్తకం వెనకాల మాటల పట్టిక అవుతుంది. వీలైతే ఒక్క కతకైనా గొంతు చేర్చండి.

మీ ఊరి పుస్తకం ఏదైనా ఈ-బుక్కుగా వచ్చి ఉంటే, అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని పది పేజీలు పోల్చి చూడండి. మారిన మాటలు రాసి ఇక్కడ పెట్టండి. పుస్తకం పేరు అక్కర్లేదు, మాట, పేజీ, ఊరు చాలు. ఏయే మాటలను 'తప్పు' అనుకుని దిద్దుతున్నారో ఒక జాబితా తేలితే, తరవాత వేసే పుస్తకానికి అది పనికొస్తుంది.