ఎత్తు పారేసుకోని నడక

మా ఇందూరు జిల్లాలో గుట్టలెక్కేవాళ్లకు కొదవ లేదు. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకు భీమ్‌గల్ దారి కిటకిటలాడుతుంది. డిచ్‌పల్లి రామాలయం మెట్ల మీద ఫొటో దిగని కొత్త జంట అరుదు. ఆర్మూర్ సిద్ధులగుట్టకు సోమవారం వచ్చిందంటే జనమే జనం. ఎక్కుతారు, మొక్కుతారు, కొబ్బరికాయ కొడతారు, ఎక్కిన దారినే దిగుతారు. దీనితో నాకు పేచీ లేదు. మొక్కు మొక్కే. కానీ గుట్టకు తల ఒక్కటే ఉండదు, వెన్ను కూడా ఉంటుంది. ఆ వెన్ను వెంట ఈ కొస నుంచి ఆ కొసకు, పొద్దున్నే బయలుదేరి పొద్దుగూకేలోపు, ఏ పనీ లేకుండా నడిచేవాళ్లు మేకల కాపరులు తప్ప దాదాపు లేరు. కాపరికీ పనుంది కాబట్టి అతన్నీ ఈ లెక్కలోంచి తీసెయ్యాలి.

ఈ నడకకు మా దగ్గర దొరికే కాలం చిన్నది. వానాకాలంలో బండల మీద నాచు, కాలి కింద ఏముందో తెలియనంత గడ్డి. ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు, నిజామాబాద్ 45 డిగ్రీలు చూసిన ఊరు. మధ్యాహ్నానికి రాయి పెనమై కూర్చుంటుంది. దీపావళి వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించాలి. సీతాఫలాలు తినే ఆశ ఉంటే ఇంకాస్త ముందే.

నాతో వచ్చేవాడు ఒక్కడే. బోధన్ వాడు, పేరు రాస్తే ఊరుకోనన్నాడు. వాళ్ల నాన్న శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికుడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. మా దోస్తు చిన్నప్పుడు చూసిన వాటిలో అన్నిటికంటే ఎత్తైనది దాని పొగగొట్టం. మిగిలిందంతా చెరుకు, వరి, కాలువ. "మా దిక్కు ఎక్కుడంటే గడ్డివాము ఎక్కుడే" అంటాడు. అయినా గుట్ట వెన్ను మీద వాడికంటే నమ్మకంగా నడిచే మనిషిని నేను చూడలేదు.

ఇద్దరే ఎందుకంటారా? నలుగురు కలిస్తే అది పిక్నిక్ అవుతుంది, స్పీకర్ కూడా వెంట వస్తుంది. ఒక్కడే పోవడం ఈ బండల్లో తెలివి కాదు. కాలు బెణికితే ఫోన్‌కు సిగ్నల్ ఉన్నా, ఆనుకోవడానికి భుజం ఉండదు. కాబట్టి ఇద్దరు. ఆ రెండోవాడెవరన్నదే అసలు చిక్కు. ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న దక్షిణ ఫ్రాన్స్‌లో వాంటూ అనే కొండ ఎక్కాడు. ఎక్కింది పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామన్న కోరికతోనేనని ఉత్తరం రాసుకున్నాడు. ఆ ఉత్తరంలో శిఖరం కంటే తోడు గురించి రాసిన భాగమే నాకు ఎక్కువ ఇష్టం. స్నేహితులను ఒక్కొక్కరినే మనసులో నిలబెట్టి చూశాడట. ఒకడు మరీ మెల్లగా నడుస్తాడు, ఒకడు మరీ తొందర. ఒకడికి దిగులెక్కువ, ఇంకొకడికి ఉత్సాహం ఎక్కువ. ఇంట్లో ఉన్నప్పుడు సర్దుకుపోయే గుణాలే దారిలో బరువైపోతాయని లెక్కవేసి, చివరికి తమ్ముణ్ని వెంటబెట్టుకున్నాడు. తమ్ముడు నిటారు దారిన నేరుగా పైకి పోయాడు. అన్న తేలిక దారి వెతుకుతూ లోయలోకి దిగాడు, మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు, ఆయాసపడ్డాడు. అందులోంచి ఆయన తన ఆత్మకు పాఠం తీసుకున్నాడు. మా బోధన్ దోస్తుకైతే కాలువ గుర్తొచ్చేది.

సంక్రాంతికి ముందటి వారం మేం నడిచింది సిద్ధులగుట్ట. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ మూడింటినీ కలిపేది 63వ నంబర్ జాతీయ రహదారి ఒక్కటే. వాడు తొలి బస్సు పట్టి వస్తే నేను నిజామాబాద్ బస్టాండులో కలిశాను. ఆర్మూర్‌కు పాత పేరు నవనాథపురం. తొమ్మిది మంది సిద్ధులు ఇక్కడి గుహల్లో తపస్సు చేశారని నమ్మకం, నవనాథ సిద్ధేశ్వరుడి పేరు అందుకే. పైకి ఘాట్ రోడ్డు పడింది, మెట్ల దారీ ఉంది. మేం మెట్ల దారి పట్టాం. తల వంచుకుని గుహలో దర్శనం చేసుకుని, తిరిగి దిగేవాళ్లను దాటుకుని, రెయిలింగు అయిపోయిన చోటు నుంచి మేకల బాట అందుకున్నాం.

అక్కణ్నుంచి దారి ఉండదు, బండలుంటాయి. ఇంటిపాటి బండ మీద ఎద్దుపాటి బండ, దాని మీద ఇంకోటి. ఎవరో ఎత్తి పేర్చినట్టే కనిపిస్తుంది గానీ ఎవరూ పేర్చలేదు. దక్కను నేల కింద ఈ గ్రానైటు గట్టిపడి దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపలే దానికి నిలువూ అడ్డమూ పగుళ్లొచ్చాయి, పగుళ్లలోకి నీళ్లు దిగాయి, మూలలు ముందుగా మెత్తబడ్డాయి, పైపొరలు ఉల్లిపొరల్లా ఊడాయి. మెత్తబడ్డ మట్టిని వానలు కడుక్కుపోతే లోపలి గుండ్లు ఎక్కడివక్కడే ఒకదాని మీద ఒకటి మిగిలాయి. బోధన్ దాటి మద్నూర్, జుక్కల్ వైపు పోతే రాయి జాతే మారుతుంది. అది అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లరాయి, వయసు ఆరున్నర కోట్ల ఏళ్ల చిల్లర. అంటే ఈ గ్రానైటు ముందు నిన్న మొన్నటిది. ఆ రాయి అరిగిన చోట నల్లరేగడి, ఈ రాయి అరిగిన చోట ఎర్రమట్టి, మొరం.

బండ మీద నడక నేర్చుకోవాల్సిన విద్యే. వేళ్ల మీద కాదు, పాదమంతా ఆనించాలి. అప్పుడే బూటు అడుగు రాయిని పడుతుంది. వాలుబండ మీద నల్లటి చార కనిపిస్తే అది నీళ్లు జారిన జాడ, ఎండి ఉన్నా దాన్ని నమ్మకూడదు. అంతకంటే ద్రోహి రాయి రాలిన సన్న ఇసుక. నాలుగు గింజలు చాలు, కాలు మన మాట వినదు. గుండు మీద కాలు పెట్టే ముందు చేత్తో నెట్టి చూడాలి, కదిలితే పక్కకు తప్పుకోవాలి. కంటికి కనిపించని పగుల్లో చేయి పెట్టకూడదు, అది తేలుదో పాముదో ఇల్లు. ఇక ఇద్దరిలో మెల్లగా నడిచేవాడే ముందుండాలి. జోరుగా నడిచేవాడు ముందుంటే వాడు ఆగి ఆగి విశ్రాంతి తీసుకుంటాడు, వెనకవాడు చేరేసరికి లేచి మళ్లీ బయలుదేరతాడు. విశ్రాంతి ఎవరికి కావాలో వాళ్లకే దొరకదు. చాలా స్నేహాలు ఇలాంటి చోటే చెడతాయని నా అనుమానం.

రెండు మిట్టల మధ్య ఒక సందు వచ్చింది. కింద చెట్ల నీడ, చల్లగా కనిపించింది. నేను అటు తిరగ్గానే వాడు వెనక నుంచి ఆపాడు.

"అరే, దిగకు. ఎత్తు పారేసుకోకు."

"నీడ ఉన్నది గదరా."

"నీడ కోసం దిగితే మల్ల ఎవడు ఎక్కుతడు? కాలువ ఎట్ల పోతదో చూసినవా ఎప్పుడన్న?"

చూశాను గానీ అలా చూడలేదు. నిజాంసాగర్‌ను మంజీర మీద 1923 నుంచి 1931 దాకా కట్టారు. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలు తడపాలన్నది లెక్క. ప్రధాన కాలువ బాన్సువాడ దాటి, బోధన్ నేలకు నీళ్లిస్తూ, ఇటు ఆర్మూర్ దాకా 150 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. పంపు లేదు, మోటరు లేదు, నేల వాలు ఒక్కటే దాని బలం. అందుకే అది అడ్డదారి పట్టదు. పల్లం కనిపిస్తే దూకదు, మిట్ట వస్తే చుట్టు తిరిగి పోతుంది. ఎక్కడ ఎంత దిగాలో అంతే, పిసినారి పైసలు లెక్కపెట్టినట్టు దిగుతుంది. ఒకచోట అనవసరంగా దిగిందా, ఆ పైనున్న పొలమంతా ఎండినట్టే. మా దోస్తు చిన్నప్పటి నుంచి నడిచింది ఆ కాలువ కట్టల మీదే. బడికి, చెరుకు తోటలకు, ఈతకు అన్నిటికీ అదే దారి. గుట్ట తెలియకపోయినా ఎత్తు విలువ వాడి కాళ్లకు తెలుసు. నీళ్లు 1931లో వచ్చాయి, చెరుకు వెనకే వచ్చింది, ఆరేళ్లకు ఫ్యాక్టరీ వచ్చింది. వాళ్ల నాన్న జీతం కూడా ఆ వాలు మీద నడిచి వచ్చిందే.

అంత లెక్కగా కట్టినా చివరి ఆయకట్టుకు నీళ్లు అందడం తగ్గిపోయింది. గోదావరి నుంచి తోడి పొయ్యడానికి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు పెట్టాల్సి వచ్చింది. పైన ఉన్న నీళ్లు వాటంతటవే నడిచి వస్తాయి. కింది నీళ్లను ఎత్తాలంటే కరెంటు బిల్లు కట్టాలి. నడకలో ఆ బిల్లు మోకాళ్లు కడతాయి.

సందులోకి దిగకుండా ఎడమ పక్క బండల అంచు పట్టుకుని చుట్టు తిరిగాం. దూరం ఎక్కువే, ఆయాసం తక్కువ. అవతలి మిట్ట మీద మేకలు, వాటి వెనక తలకు రుమాలు చుట్టుకున్న ముసలాయన. మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏం పోయింది సారూ? ఏం ఎతుకుతున్రు?"

"ఏం పోలే తాతా, ఉత్తగనే నడుస్తున్నం."

"ఉత్తగనేనా?" ఆయనకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, మేం ఎటు పోవాలో కర్రతో చూపించాడు. "గా మూల దిగకుండ్రి. దిగితే మల్ల ఎక్కాలె."

మా దోస్తు నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

ఎండ నడినెత్తికి రాకముందే ఒక పెద్ద గుండు నీడలో మూటలు విప్పాం. జొన్నరొట్టె, పల్లీల తొక్కు, ఉల్లిగడ్డ, వాళ్లింట్లో పండగకు ముందే చేసిన సకినాలు. చివర్లో బెల్లం ముక్క. చక్కెర ఊరివాడు ఎప్పుడు వచ్చినా బెల్లమే తెస్తాడు. కింద ఆర్మూర్ చేలు పరుచుకుని ఉన్నాయి. తవ్వకానికొచ్చి ఆకు పండిన పసుపు, పక్కనే పచ్చగా మక్క, ఎర్రజొన్న. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారంటే దేశమంతా నోరెళ్లబెట్టింది. అందులో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు ధర అడగడానికి నామినేషన్లు వేసినవాళ్లు. అంత పెద్ద గొడవ పైనుంచి చూస్తే రంగురంగుల మళ్లు మాత్రమే. గుట్ట మీది చూపుకు ఉన్న లోపం ఇది, అందుకే పై చూపు మీద నాకు పెద్ద భక్తి లేదు.

గుట్టలంటే గుర్తొచ్చే ఇంకో పేరు మాలావత్ పూర్ణ. సిరికొండ మండలం పాకాల తండా బిడ్డ, తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. భువనగిరి ఏకశిల మీద తాళ్లు పట్టడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి, కష్టమైన దారినే ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. ఆ వార్త వచ్చినప్పుడు జిల్లా అంతా ఫ్లెక్సీలు వెలిశాయి. ఫ్లెక్సీల మీద పెట్టిన ఖర్చులో కొంతైనా మన గుట్టల మీద పిల్లలకు దారి గుర్తులు పెట్టడానికి వాడి ఉంటే బాగుండేది. భువనగిరిలో ఉన్న రాయి లాంటి రాయి మన దగ్గరా ఉంది, నేర్పేవాళ్లే లేరు.

దిగుడు ఎక్కుడుకంటే కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, ఆగితే తీరుతుంది. దిగేటప్పుడు మోకాలు కష్టపడుతుంది, మర్నాడు గానీ చెప్పదు. చిన్న అడుగులు, కాస్త వంగిన మోకాళ్లు, వాలు మరీ ఎక్కువైతే సిగ్గుపడకుండా కూర్చుని జరగడం. మా దోస్తుకు ఇక్కడ మాత్రం కాలువ విద్య పనికిరాలేదు, ప్యాంటు వెనక చిరిగింది. పొద్దు వాలకముందే రోడ్డెక్కి అంకాపూర్ చేరాం. దేశీ కోడి కూర చెప్పి, అది ఉడికేదాకా మక్క బుట్టలు కాల్పించుకుని తిన్నాం. ఆ కూర గురించి రాస్తే అది వేరే కాలమ్ అవుతుంది.

సిద్ధులగుట్ట అదృష్టం అక్కడి దేవుడు. ఘాట్ రోడ్డు పడినా, జనం పెరిగినా, ఆ నమ్మకం బండలను కాపాడుతుంది. ఏ దేవుడూ లేని గుట్టలు కంకరకు, మొరానికి పోతున్నాయి. నిజామాబాద్ నుంచి ఏ రోడ్డున పోయినా సగం కొరికిన గుట్ట ఒకటి ఎదురవుతుంది. ఇరవై ఏళ్లలో ఇంటి పునాదిగా మారే రాయికి 250 కోట్ల ఏళ్ల చరిత్ర ఉందని ఏ టెండరు కాగితం మీదా రాయరు. నడిచేవాళ్లున్న గుట్టను కొరకడం కొంచెం కష్టమని నా ఆశ. అడిగేవాడు ఒకడుంటాడు, ఫొటో తీసినవాడు ఒకడుంటాడు.

కాబట్టి శివరాత్రి లోపు ఒక ఆదివారం చూసుకోండి. బండి గుట్ట కిందే పెట్టి మెట్ల దారిన ఎక్కండి. తోడు ఒక్కరే చాలు, మీకంటే కొంచెం ఓపికున్నవాళ్లయితే మేలు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, మంచి పట్టున్న బూట్లు, ఎటు పోతున్నారో ఇంట్లో ఒక మాట. చిరుత తిరుగుతోందని ఊళ్లో కబురుంటే ఆ వారం మానుకోండి. ఖాళీ సీసాలు తిరిగి కిందికే తెచ్చుకోండి.